చేసి చూసి ఎంచుకోవడం: హామిల్టన్ హైస్కూళ్లలో వృత్తి అన్వేషణ

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలో, వైకాటో నదికి రెండు పక్కలా విస్తరించిన నగరం హామిల్టన్. ఇక్కడి హైస్కూలు పిల్లల్లో కొందరు చదువు సాగుతుండగానే కొన్ని రోజులు మోటారు గ్యారేజీలోనో, వృద్ధాశ్రమంలోనో, పాడి క్షేత్రంలోనో, ఇల్లు కడుతున్న చోటనో గడుపుతారు. అక్కడ నేర్చుకున్నదానికి పాఠశాల మార్కుల పట్టీలో క్రెడిట్లు పడతాయి. పని నచ్చితే అదే దారిలో అప్రెంటిస్‌గా చేరవచ్చు, నచ్చకపోతే మరొకటి చూసుకోవచ్చు. పుస్తకంలో చదివో, ఎవరో చెబితే వినో కాకుండా, చేతులతో చేసి చూసి భవిష్యత్తును ఎంచుకునే ఈ పద్ధతికి అక్కడ ప్రభుత్వ నిధులున్నాయి, చట్టం అండ ఉంది, స్థానిక పరిశ్రమల తోడూ ఉంది. ఇది ఎవరి కోసం అన్న ప్రశ్న మాత్రం వందేళ్లుగా తెగలేదు. చదువులో వెనకబడిన పిల్లల కోసమా, పిల్లలందరి కోసమా? ఈ వ్యాసంలోని వివరాలన్నీ చివరకు ఆ ప్రశ్న దగ్గరికే చేరతాయి.

నగరం, దాని పనులు

హామిల్టన్‌కు మావోరీ పేరు కిరికిరిరోవా. 1863-64 యుద్ధంలో బ్రిటిష్ సేనలు వైకాటో ప్రాంతాన్ని ఆక్రమించి, మావోరీల భూములను జప్తు చేసి, 1864లో ఇక్కడ సైనిక కుటుంబాలను దించాయి. 2023 జనాభా లెక్కల నాటికి నగరంలో సుమారు 1.74 లక్షల మంది ఉన్నారు. సముద్రతీరం లేని న్యూజిలాండ్ నగరాల్లో ఇదే పెద్దది.

చుట్టూ పచ్చిక బయళ్లు, పాడి ఆవులు. నగరం ఉత్తరపు అంచున తె రాపాలో ఫాంటెర్రా పాలపొడి కర్మాగారం ఉంది. తూర్పున రువాకురాలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, న్యూస్టెడ్‌లో పాడి రైతుల సంస్థ డెయిరీఎన్‌జెడ్, పశువుల జన్యు అభివృద్ధి చూసే ఎల్‌ఐసీ ఉన్నాయి. విద్యుత్ కంచెలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గ్యాలఘర్ కంపెనీ పుట్టింది 1930లలో ఈ నగరంలోనే. వైకాటో ఆసుపత్రి దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి. వైకాటో విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. ఏటా జూన్‌లో నగరానికి దక్షిణాన మిస్టరీ క్రీక్ మైదానంలో జరిగే ఫీల్డేస్ వ్యవసాయ ప్రదర్శనకు నాలుగు రోజుల్లో లక్షకు పైగా జనం వస్తారు.

వృత్తి అన్వేషణకు ఇలాంటి ఊరు బాగా కలిసివస్తుంది. ఒకే నగరంలో, బస్సు దూరంలో, పొలం నుంచి ప్రయోగశాల దాకా, వెల్డింగ్ షెడ్డు నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా అన్నీ ఉన్నాయి. కానీ దగ్గరలో ఉన్నంత మాత్రాన పిల్లలకు కనబడతాయని కాదు. పాల ట్యాంకర్లు రోజూ తన వీధి మీదుగా పోయే పిల్లకు కర్మాగారం లోపల సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు, ఆటోమేషన్ ఇంజనీర్లు, బాయిలర్ ఆపరేటర్లు పనిచేస్తారని ఎవరైనా తీసుకెళ్లి చూపిస్తేనే తెలుస్తుంది.

ఇది హామిల్టన్‌కే పరిమితమైన సంగతి కాదు. ఓఈసీడీ 2018లో జరిపిన పీసా సర్వేలో పదిహేనేళ్ల పిల్లలను ముప్పై ఏళ్లకు ఏ ఉద్యోగంలో ఉంటారనుకుంటున్నారని అడిగింది. పోల్చడానికి వీలైన 41 దేశాల్లో 47 శాతం అబ్బాయిలు, 53 శాతం అమ్మాయిలు కేవలం పది ఉద్యోగాల్లోనే ఏదో ఒకటి చెప్పారు. డాక్టరు, టీచరు, పోలీసు, మేనేజరు లాంటివే ఆ పదీ. ప్రపంచంలో ఉన్న వేల రకాల పనుల్లో పిల్లలకు తెలిసినవి అంత తక్కువ. లోపం పిల్లల ఊహలో లేదు. వాళ్లకు పనులు చూపించకపోవడంలో ఉంది.

ఒక చెట్టు, రెండు కొమ్మలు

హామిల్టన్‌లో చేతిపని చదువుకు మూలం 1920ల నాటి టెక్నికల్ కాలేజీ. అప్పటికే నగరంలో 1911లో స్థాపించిన హామిల్టన్ హైస్కూలు ఉంది. అది విశ్వవిద్యాలయం, గుమాస్తా ఉద్యోగాలు, అధికార పదవుల వైపు పిల్లలను నడిపేది. 1955లో అదే బాలుర, బాలికల పాఠశాలలుగా విడిపోయింది. టెక్నికల్ కాలేజీలో వడ్రంగం, ఇనుప పని, కుట్టుపని, టైపింగు, వ్యవసాయం నేర్పేవారు. పగలు పిల్లలకు, రాత్రి పనివాళ్లకు పాఠాలు. చదువుకునే బడీ పని నేర్పే షెడ్డూ ఒకే ప్రాంగణంలో ఉండేవి.

అప్పట్లో దేశమంతా ఇదే వరస. 1944లో బడి వదిలే వయసును పదిహేనుకు పెంచారు. థామస్ కమిటీ సిఫార్సుల మీద అన్ని హైస్కూళ్లకు ఒకే ఉమ్మడి పాఠ్యప్రణాళిక వచ్చింది. అందరికీ ఒకే మౌలిక విద్య అన్న ఆ ఆశయం గొప్పది. కానీ దానితోపాటు టెక్నికల్ హైస్కూలు అనే రకం మెల్లగా కరిగిపోయింది. 1960లలో దేశంలో టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లను విడిగా నెలకొల్పారు. హామిల్టన్‌లో కాలేజీ రెండుగా చీలింది. పెద్దల వృత్తి విద్య నగరం నడిబొడ్డున ఉండిపోయి 1968లో వైకాటో టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది, తర్వాత వైకాటో పాలిటెక్నిక్ అయింది, ఇప్పుడు వింటెక్ అంటున్నారు. పాఠశాల భాగం నగరం పడమటి పక్కకు తరలి, ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన ఫ్రేజర్ పేరు మీద ఫ్రేజర్ హైస్కూలు అయింది.

ఆ చీలిక తర్వాత పదహారేళ్ల పిల్లవాడు పూర్తిస్థాయి వృత్తి శిక్షణ పొందాలంటే ముందు బడి వదలాల్సి వచ్చేది. ఈనాటి పథకాలన్నీ, కింద చెప్పబోయే గేట్‌వే గానీ ట్రేడ్స్ అకాడమీ గానీ, అప్పుడు విడదీసిన బడినీ వర్క్‌షాపునూ మళ్లీ కలిపే ప్రయత్నాలే. ఈ చరిత్ర తెలియకపోతే ఇవన్నీ కొత్తగా పుట్టిన ఆలోచనల్లా కనిపిస్తాయి.

ఆ ప్రయత్నాల్లో భాగంగా 1996లో ప్రభుత్వం స్టార్ అనే నిధిని ప్రారంభించింది. పాఠశాలలు ఈ డబ్బుతో పాలిటెక్నిక్‌లలో, శిక్షణ సంస్థల్లో చిన్న కోర్సులు కొని తమ పిల్లలకు ఇప్పించవచ్చు. బరిస్టా కోర్సు, ప్రథమ చికిత్స, చెట్లు కోసే రంపం వాడకం, ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు, కంప్యూటర్ నెట్‌వర్కులు ఇలా ఏవైనా. రెండు మూడు రోజుల రుచి చూపే కోర్సులు కొన్ని, ఏడాది పొడవునా సాగేవి కొన్ని.

గేట్‌వే నడిచే తీరు

స్టార్ పిల్లలను మరో తరగతి గదికి పంపితే, గేట్‌వే నేరుగా పనిచేసే చోటికే పంపింది. 2001లో తక్కువ ఆదాయ ప్రాంతాల పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ విస్తరించింది. నిధులిచ్చేది టెర్షియరీ ఎడ్యుకేషన్ కమిషన్. 11వ ఏడాది నుంచి 13వ ఏడాది దాకా, అంటే సుమారు పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇందులో చేరవచ్చు. మన లెక్కలో పదో తరగతి, ఇంటర్మీడియట్ వయసు. విద్యార్థి పనిస్థలంలో కనీసం పది రోజులు గడపాలి, ఇరవై క్రెడిట్లకు తగ్గకుండా సంపాదించాలి. ఆ పది రోజులూ ఒకేసారి కావచ్చు, వారానికి ఒక రోజు చొప్పున పది వారాలు కావచ్చు.

కాగితం మీద తేలికగా కనిపించే ఈ పది రోజుల వెనక పాఠశాలలో ఒక మనిషి శ్రమ ఉంటుంది. ఆ మనిషి గేట్‌వే కోఆర్డినేటర్. పిల్లవాడితో మాట్లాడి దేని మీద ఆసక్తి ఉందో తెలుసుకోవడం, ఊళ్లోని చిన్న కంపెనీలకు ఫోన్లు చేయడం, ఒప్పుకున్న యజమానితో నేర్చుకోవాల్సిన అంశాల పట్టిక తయారు చేయడం, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవడం, ఇనుప ముక్కు బూట్లు, కళ్లద్దాలు, రంగు చొక్కాలు సమకూర్చడం, ఉదయం ఏడింటికి పిల్లవాడు అక్కడికి ఎలా చేరతాడో చూడటం, మధ్యలో వెళ్లి పరిశీలించడం, చివర్లో అంచనా పత్రాలు నింపించడం అన్నీ ఆ ఒక్కరి మీదే. న్యూజిలాండ్ వ్యాపారాల్లో అత్యధిక శాతం ఇరవై మంది కూడా లేని చిన్న సంస్థలు. అక్కడ పిల్లవాడికి పని చూపించే తీరిక ఉన్న మనిషిని పట్టుకోవడమే పెద్ద పని. మంచి కోఆర్డినేటరు చేతిలో ఏళ్ల తరబడి కూడబెట్టిన పరిచయాల పుస్తకం ఉంటుంది. ఆ మనిషి ఉద్యోగం మారితే ఆ పరిచయాలూ వెంటే పోతాయి. పథకం గురించి మాట్లాడేవాళ్లు నిధులు, క్రెడిట్లు అంటారు గానీ, అసలు బలం ఈ మనిషే.

గేట్‌వేలో చేసే పనికి సాధారణంగా జీతం ఉండదు. నేర్చుకోవడమే ఫలం. అయితే పనిస్థల భద్రత విషయంలో చట్టం ఆ విద్యార్థిని ఉద్యోగితో సమానంగా చూస్తుంది. 2015 నాటి భద్రతా చట్టం వచ్చాక యజమానుల బాధ్యత మరింత స్పష్టమైంది. కొత్త చేతికి యంత్రం దగ్గర ఎవరు తోడుంటారు, ఏ పని ఇవ్వకూడదు అనేవి ముందే రాసుకోవాలి. ఈ కఠినత్వం వల్ల కొందరు యజమానులు వెనకాడుతున్నారన్నది నిజమే. అయినా పదిహేనేళ్ల చేతులను యంత్రాల దగ్గరికి పంపుతున్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. దీన్ని సడలించమనడం తప్పు.

పాడి క్షేత్రానికి వెళ్లే విద్యార్థి ఉదాహరణ తీసుకుంటే ఈ అనుభవం లోతు తెలుస్తుంది. వైకాటోలో ఆవులు ఎక్కువగా జులై, ఆగస్టు నెలల్లో, అంటే అక్కడి చలికాలం చివర్లో ఈనుతాయి. ఆ రోజుల్లో వెళ్తే తెల్లవారకముందే లేవాలి, వానలో బురదలో దూడలను ఎత్తుకోవాలి, జున్నుపాలు వేరు చేయాలి. వేసవిలో వెళ్తే గడ్డి కొలత, నీటి తొట్ల మరమ్మతు, కంచెల పని. ఒకే ఉద్యోగం ఏ నెలలో చూశారన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు ఉద్యోగాల్లా కనిపిస్తుంది. పోస్టరు మీద ఆకుపచ్చ కొండల ముందు నవ్వుతున్న రైతు బొమ్మ చూసి ఈ సంగతి తెలుసుకోలేం. పది రోజుల తర్వాత ఇది నాకు వద్దు అని చెప్పగలిగిన విద్యార్థికి జరిగిన మేలు, అప్రెంటిస్‌గా చేరిన విద్యార్థికి జరిగిన మేలు కన్నా తక్కువేమీ కాదు. రెండేళ్ల ఫీజులు కట్టాక వద్దనుకోవడం కన్నా పది రోజుల్లో వద్దనుకోవడం ఎంతో నయం. పథకాల నివేదికల్లో ఎంతమంది ఉద్యోగంలో చేరారన్న లెక్కే ముందుంటుంది. స్పష్టంగా వద్దనుకున్నవాళ్లనూ విజయం కిందే లెక్కించాలి.

వింటెక్ షెడ్లలో

2009లో న్యూజిలాండ్ ప్రభుత్వం ట్రేడ్స్ అకాడమీలను ప్రకటించింది. వీటిలో విద్యార్థి తన హైస్కూలు విద్యార్థిగానే ఉంటూ వారంలో ఒకటి రెండు రోజులు పాలిటెక్నిక్‌లో వృత్తి విద్య చదువుతాడు. హామిల్టన్ ప్రాంతంలో ఆ బాధ్యత ప్రధానంగా వింటెక్‌ది. నగరం వాయవ్య దిక్కున రొటొకౌరి ప్రాంగణంలో దాని ఇంజనీరింగ్, నిర్మాణ వర్క్‌షాపులున్నాయి. భవన నిర్మాణం, ఆటోమోటివ్, వెల్డింగ్, ఎలక్ట్రికల్, వంట, కేశాలంకరణ వంటి కోర్సుల్లో చేరిన హైస్కూలు పిల్లలు అసలైన పరికరాల మధ్య, ఆ వృత్తిలో పనిచేసి వచ్చిన బోధకుల దగ్గర నేర్చుకుంటారు.

గేట్‌వేకూ దీనికీ తేడా ఉంది. గేట్‌వేలో పిల్లవాడు నిజమైన ఖాతాదారులున్న నిజమైన పనిలో పాలుపంచుకుంటాడు, కానీ అతనికి దక్కేది చాలావరకు చూడటం, అందివ్వడం, చిన్న చిన్న పనులు. ట్రేడ్స్ అకాడమీలో తప్పు చేయడానికి వీలుంటుంది. వెల్డింగ్ పాడైతే మళ్లీ చేయవచ్చు, ఖాతాదారుడు కోప్పడడు. హామిల్టన్‌లో బాగా సాగిన సందర్భాల్లో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ముందు షెడ్డులో చేయి కుదురుతుంది, తర్వాత పనిస్థలంలో వేగం, సమయపాలన, మనుషులతో మెలగడం అలవడతాయి.

యజమానులే తరగతికి వస్తే

పైన చెప్పినవన్నీ పదిహేనేళ్లు దాటిన పిల్లల కోసం. అప్పటికి కొందరు గణితమో సైన్సో వదిలేసి ఉంటారు, కొన్ని తలుపులు మూసుకుపోయి ఉంటాయి. ఈ చిక్కును గమనించి హామిల్టన్‌లో స్మార్ట్ వైకాటో ట్రస్టు పాఠశాలలనూ యజమానులనూ జతకట్టే కార్యక్రమాన్ని 2010ల మధ్యలో మొదలుపెట్టింది. ఇందులో లక్ష్యం ప్రధానంగా 9, 10 ఏడాదుల పిల్లలు, అంటే పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లు. ఒక పాఠశాలకు కొన్ని స్థానిక సంస్థలను జత చేస్తారు. ఉద్యోగులు తరగతికి వచ్చి ఆ ఏడాది పాఠంలోని అంశం తమ పనిలో ఎక్కడ వాడతారో చూపిస్తారు, పిల్లలు వాళ్ల పనిస్థలానికి వెళ్తారు.

గణితం టీచరు త్రికోణమితి చెప్పే వారంలోనే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు చేసే కంపెనీ మనిషి వచ్చి రేకు కోసే కోణం ఎందుకు తప్పకూడదో చూపిస్తే ఆ పాఠం నిలుస్తుంది. వృత్తి పరిచయం అంటే ఏడాదికి ఒక రోజు హాలులో బల్లలు వేసి కరపత్రాలు పంచడం అన్న అలవాటు నుంచి ఇది బయటపడేసింది. బ్రిటన్‌లో బడుల వృత్తి మార్గదర్శనం కోసం రూపొందించిన 2014 నాటి గాట్స్‌బీ ప్రమాణాలు కూడా పాఠ్యాంశాలను వృత్తులతో కలపాలని, యజమానులతో ఎదురుపడే అవకాశం ఒక్కసారితో సరిపెట్టకూడదని చెప్పాయి. హామిల్టన్‌లో చేసిందీ ఇంచుమించు అదే.

విశ్వవిద్యాలయం వైపు నుంచీ ఇలాంటి కృషి ఉంది. వైకాటో విశ్వవిద్యాలయం హైస్కూలు పిల్లలను పిలిచి రసాయన, జీవ, భౌతిక శాస్త్ర ప్రయోగశాలల్లో పనిచేయిస్తుంది. అదే విశ్వవిద్యాలయంలో 1979లో రోజర్ ఆస్బర్న్, పీటర్ ఫ్రైబర్గ్ మొదలుపెట్టిన విజ్ఞాన బోధన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధం. పిల్లలు తరగతికి ఖాళీ బుర్రలతో రారని, బలం, వెలుతురు, విద్యుత్తు గురించి సొంత అభిప్రాయాలతో వస్తారని, వాటిని కదిలించకుండా పాఠం చెబితే పరీక్ష అయ్యాక పాత అభిప్రాయమే మిగులుతుందని వాళ్లు చూపించారు. ఉద్యోగాల విషయంలోనూ ఇదే జరుగుతుందని నా నమ్మకం. ఇంజనీరంటే ఎవరు, నర్సంటే ఎవరు అన్న అభిప్రాయాలు చిన్న వయసులోనే పిల్లల మనసులో పాతుకుంటాయి. న్యూజిలాండ్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లల చేత భవిష్యత్తు ఉద్యోగాల బొమ్మలు గీయించిన అధ్యయనం కూడా ఈ సంగతినే బయటపెట్టింది.

పాఠశాలలో పుట్టిన కొత్త సబ్జెక్టు

హామిల్టన్ నుంచి దేశానికి అందిన పెద్ద కానుక అగ్రిబిజినెస్ సబ్జెక్టు. నగరంలోని సెయింట్ పాల్స్ కాలేజియేట్ స్కూలు 2014లో వ్యవసాయ శాస్త్రం, వ్యాపారం కలిపి బోధించే కేంద్రాన్ని ఆరంభించింది. డెయిరీఎన్‌జెడ్, మాంసం, ఉన్ని రైతుల సంస్థ బీఫ్ ప్లస్ లాంబ్ న్యూజిలాండ్ ప్రధాన భాగస్వాములుగా నిలిచాయి. అప్పటిదాకా హైస్కూలులో వ్యవసాయం అంటే బురద బూట్లు వేసుకునే పిల్లలు తీసుకునే సబ్జెక్టు అన్న చిన్నచూపు ఉండేది. ఈ కొత్త సబ్జెక్టులో పిల్లలు ఒక లీటరు పాలకు విలువ ఎక్కడెక్కడ కలుస్తుంది, ఎగుమతి మార్కెట్ ఎలా ఊగుతుంది, వాతావరణ మార్పు పొలం ఖాతాలను ఎలా తాకుతుంది వంటివి చదువుతారు. క్షేత్రాలకు, కర్మాగారాలకు, పరిశోధనశాలలకు వెళ్లి చూస్తారు. ముఖ్యమైన సంగతి, ఇందులోవి విశ్వవిద్యాలయ ప్రవేశానికి పనికొచ్చే స్థాయి ప్రమాణాలు. తర్వాత ఇది దేశమంతటా పదుల కొద్దీ పాఠశాలలకు పాకింది.

సెయింట్ పాల్స్ ప్రైవేటు పాఠశాల, ఫీజులు ఎక్కువ. చేతులతో నేర్చుకోవడం అక్కడ మార్కులు రానివాళ్లకు దయగా ఇచ్చింది కాదు, తెలివైన పిల్లలకు గౌరవంగా ఇచ్చింది. అదే అనుభవం పేద వాడల పాఠశాలలో ఇస్తే దానికి వేరే రంగు ఎందుకు పూస్తారన్నది అడగాల్సిన ప్రశ్న.

ఎవరి పిల్లలకు ఏ పని

ఆ ప్రశ్నకు న్యూజిలాండ్‌లో చేదు చరిత్ర ఉంది. తె ఔటె కాలేజీ మావోరీ కుర్రాళ్లను లాటిన్, గణితం నేర్పి విశ్వవిద్యాలయానికి పంపి, డాక్టర్లను, లాయర్లను తయారు చేసింది. అయినా 1906లో ఆ పాఠశాలను విచారించిన రాయల్ కమిషన్ ఆ పిల్లలకు వ్యవసాయం, చేతిపని చాలునన్న వైపు మొగ్గింది. చేతిపని చదువును ఒక జాతిని కింద ఉంచడానికి వాడుకున్న రోజులవి. కాబట్టి ఇప్పుడు మావోరీ తల్లి తన కొడుకుకు గేట్‌వే అనగానే అనుమానంగా చూస్తే, ఆ అనుమానానికి వందేళ్ల ఆధారం ఉంది. పిల్లలను మార్కులను బట్టి వేర్వేరు తరగతుల్లో విడగొట్టే పద్ధతిని 2030 నాటికి పోగొట్టాలని 2023లో మావోరీల భవిష్యత్తు కోసం పనిచేసే తోకోన తె రాకి సంస్థ చేపట్టిన ప్రణాళిక ఈ గాయాన్ని మాన్పే ప్రయత్నమే.

హామిల్టన్‌లో మరో మార్పు కూడా జరుగుతోంది. 1995లో ప్రభుత్వం వైకాటో-తైనుయి జాతితో ఒడంబడిక చేసుకుని, భూముల జప్తుకు క్షమాపణ చెప్పి, 17 కోట్ల డాలర్ల విలువైన పరిహారం ఇచ్చింది. ఆ ఆస్తితో జాతి సంస్థ తె రాపాలో దేశంలోని పెద్ద షాపింగ్ కేంద్రాల్లో ఒకటైన ది బేస్‌ను, రువాకురాలో రైలు మార్గంతో కలిసిన సరకు రవాణా కేంద్రాన్ని నిర్మించింది. అంటే ఇక్కడి మావోరీ పిల్లలకు పని చూపించే యజమానుల్లో వాళ్ల సొంత జాతి కూడా ఉంది. కూలి నుంచి బోర్డు గది దాకా ప్రతి మెట్టు మీదా తమవాళ్లు కనబడే చోట పది రోజులు గడపడం, ఎవరో దయతలచి ఇచ్చిన చోట గడపడం ఒకటి కాదు. వైద్య రంగంలో కియా ఓరా హౌఓరా కార్యక్రమం మావోరీ పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లి వైద్య వృత్తులు చూపించడంలోనూ ఇదే దృష్టి ఉంది.

అమ్మాయిల విషయానికి వస్తే, షాడోటెక్ రోజున హైస్కూలు అమ్మాయిలు సాంకేతిక సంస్థల్లో పనిచేసే మహిళల వెంట ఒక రోజంతా ఉంటారు. గర్ల్స్ విత్ హై-విజ్ కార్యక్రమంలో రోడ్లు, నీరు, విద్యుత్ పనుల చోట్ల యంత్రాలు నడిపి చూస్తారు. ఒక్క రోజు చాలదు. కానీ ఎక్స్‌కవేటర్ తొట్టి తన చేతిలోని లివరు చెప్పినట్టు కదలడం చూసిన అమ్మాయిని అది మగవాళ్ల పని అని నమ్మించడం ఆ తర్వాత కష్టం.

క్రెడిట్ల చిక్కు

న్యూజిలాండ్ హైస్కూలు అర్హత ఎన్‌సీఈఏ 2002 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. ఒకే పెద్ద పరీక్ష కాకుండా మూడు స్థాయిల్లో, చిన్న చిన్న ప్రమాణాలుగా క్రెడిట్లు కూడబెట్టుకోవడం దీని పద్ధతి. పనిస్థలంలో నేర్చుకున్నదానికీ క్రెడిట్లు ఇవ్వగలగడం వల్లే గేట్‌వే లాంటివి సాధ్యమయ్యాయి. 2013 నుంచి వృత్తి మార్గాలను ఈ క్రెడిట్ల పట్టీకి కలిపారు. నిర్మాణం, తయారీ, వ్యవసాయం, సేవలు, సామాజిక సేవ, సృజన రంగం అని ఆరు మార్గాలు. తన క్రెడిట్లు ఏ మార్గంలో ఎంత నిండాయో విద్యార్థి చూసుకోవచ్చు.

చిక్కు ఎక్కడంటే, విశ్వవిద్యాలయ ప్రవేశానికి మూడో స్థాయిలో గుర్తింపు పొందిన మూడు సబ్జెక్టుల్లో తలా పద్నాలుగు క్రెడిట్లు కావాలి. పరిశ్రమల ప్రమాణాల మీద వచ్చిన క్రెడిట్లు ఈ లెక్కలోకి రావు. పదహారేళ్లకు వడ్రంగం క్రెడిట్లతో రెండో స్థాయి హాయిగా దాటిన విద్యార్థి, పద్దెనిమిదేళ్లకు ఆర్కిటెక్ట్ కావాలనిపిస్తే, ఆ తలుపు మూసి ఉండటం చూస్తాడు. ఈ సంగతిని ముందే చెప్పకపోతే అన్వేషణ పేరుతో దారి మూసినట్టే. పిల్లవాడు గణితం, ఇంగ్లీషు, ఒక సైన్సు వదలకుండా పక్కన గేట్‌వే చేయడం మంచి సలహాదారు ఇచ్చే మొదటి సలహా.

తెలుగు ఇళ్లకు దీనితో ఏం పని

హామిల్టన్‌లో ఐటీ, వైద్యం, బోధన, వ్యాపారం పనుల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పిల్లలు ఈ పాఠశాలల్లోనే చదువుతారు. ప్లంబర్ సంపాదన గురించి ఇంట్లో ఆశ్చర్యంగా చెప్పుకుంటారు గానీ, తమ పిల్లవాడు ఆ దారి పడతానంటే ఒప్పుకోవడం వేరే మాట. ఇందులో తప్పు పట్టడానికి లేదు. చదువుతోనే పైకొచ్చిన తరం ఆ నిచ్చెనను నమ్మడం సహజం. కాకపోతే చేసి చూడటం డాక్టరు, ఇంజనీరు కావాలనుకునే పిల్లలకూ అంతే అవసరం. ఆసుపత్రి వార్డులో, వృద్ధాశ్రమంలో పది రోజులు గడిపిన అమ్మాయికి వైద్యవిద్య దరఖాస్తు రాసేటప్పుడు సొంతంగా చెప్పడానికి ఏదో ఉంటుంది.

మన రాష్ట్రాల్లో పదిహేనేళ్ల పిల్లలు పదో తరగతి ఫలితాలు రాగానే ఎంపీసీయా బైపీసీయా తేల్చుకోవాలి. ఇంజనీరు పనిచేసే చోటును గానీ, ల్యాబు టెక్నీషియన్ బల్లను గానీ ఒక్కసారి కూడా చూడకుండా తేల్చుకుంటారు. ఆలోచనలకు మాత్రం మనకు కొరత లేదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు నేర్పే నయీ తాలీమ్ ప్రతిపాదించారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం బడి చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగి ఉత్పాదక కార్యం అంది, అది చాలా బళ్లలో కొవ్వొత్తుల తయారీ పీరియడ్‌గా మిగిలింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గరికి పిల్లలను పంపమంది. డిగ్రీ స్థాయిలో ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది.

గేట్‌వేలో పది రోజులు, మన సంచీ లేని రోజులూ పది. సంఖ్య ఒకటే అయినా రెండు చోట్లా ఆ రోజుల వెనక ఉన్న ఏర్పాటు ఒకటి కాదు. హామిల్టన్‌లో ఆ పది రోజులకు జీతం తీసుకునే కోఆర్డినేటరు ఉన్నారు, క్రెడిట్లు ఉన్నాయి, చట్టం రక్షణ ఉంది, యజమాని సంతకం ఉంది. మన దగ్గర చాలా చోట్ల ఆ భారం ఇప్పటికే ఎన్నో పనులున్న క్లాసు టీచరు మీద పడుతుంది. విధానం కాగితం మీదే ఆగిపోకూడదంటే మండలానికి ఒకరైనా ఈ పనికే కేటాయించిన మనిషి కావాలి. విజయవాడ ఆటోనగర్‌కూ, హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామిక వాడకూ నడిచి వెళ్లేంత దూరంలో ఎన్నో ప్రభుత్వ పాఠశాలలున్నాయి.

ఇప్పుడు జరుగుతున్న మార్పులు

హామిల్టన్ వ్యవస్థ ఈ దశాబ్దంలో బాగా కుదుపులకు లోనైంది. 2020లో దేశంలోని పదహారు పాలిటెక్నిక్‌లను తె పూకెంగ అనే ఒకే జాతీయ సంస్థ కిందికి తెచ్చారు. వింటెక్ కూడా అందులో కలిసిపోయింది. తర్వాతి ప్రభుత్వం ఆ సంస్థను విడగొట్టాలని నిర్ణయించి, 2026 జనవరి నుంచి స్వతంత్రంగా నిలబడే పాలిటెక్నిక్‌లలో వింటెక్‌ను చేర్చింది. ఇలా పేర్లు, పాలకవర్గాలు మారుతున్నప్పుడు ముందుగా దెబ్బతినేది హైస్కూళ్లతో ఉన్న చిన్న చిన్న ఒప్పందాలు. వాటికి గట్టిగా అడిగే గొంతు ఉండదు.

2025 ఆగస్టులో ఎన్‌సీఈఏనే తీసేసే ప్రతిపాదన వచ్చింది. మొదటి స్థాయి పోయి, 12వ ఏడాదికి ఒక సర్టిఫికెట్, 13వ ఏడాదికి ఉన్నత సర్టిఫికెట్ వస్తాయని, 2029, 2030లలో ఇవి అమలవుతాయని ప్రభుత్వం చెప్పింది. కూడబెట్టుకునే చిల్లర క్రెడిట్ల బదులు సబ్జెక్టులను పూర్తిగా చదవాలన్నది దీని ఉద్దేశం. పరిశ్రమల ఆధ్వర్యంలో తయారయ్యే వృత్తి సబ్జెక్టులు మిగతా సబ్జెక్టులతో సమానంగా నిలుస్తాయని కూడా అన్నారు. ఇది జరిగితే సెయింట్ పాల్స్‌లో అగ్రిబిజినెస్‌కు దక్కిన గౌరవం ఫ్రేజర్ హైస్కూలులో నిర్మాణ విద్యకూ దక్కే వీలుంది. కానీ పది రోజులు పనిచేసి తెచ్చుకున్న ఇరవై క్రెడిట్లు ఏడాది పొడవు సబ్జెక్టులో ఎక్కడ ఇముడుతాయన్నది గేట్‌వే కోఆర్డినేటర్లకు తేలాల్సిన విషయం. సబ్జెక్టుల రూపకల్పనలో వాళ్లను కూర్చోబెట్టకుండా పరిశ్రమల ప్రతినిధులతోనే పని ముగిస్తే, పనిస్థలానికి వెళ్లే రోజులే ముందుగా కోతకు గురవుతాయి.